కుక్కతో బీచ్ ట్రిప్: బ్యాగ్ సర్దే ముందు ఈ ఎపిసోడ్ చూడండి

ఈ ఎపిసోడ్ ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్ళ కోసం. లాంగ్ వీకెండ్ దొరికితే చాలు, హైదరాబాద్ నుంచి సగం మంది బాపట్ల వైపో, వైజాగ్ వైపో కారు తిప్పేస్తాం కదా. అప్పుడు వచ్చే ప్రశ్న ఒక్కటే: "మరి కుక్క సంగతేంటి?" హాస్టల్లో వదిలితే మనసొప్పదు, పక్కింటి ఆంటీకి అప్పజెబితే అది అన్నం ముట్టదు. సరే, తీసుకుపోదాం అనుకుంటాం.

తీసుకుపోవచ్చు. మా రాగిని నేను తీసుకెళ్తూనే ఉంటాను. రాగి అంటే మా ఇండీ కుక్క, రాగి చెంబు రంగులో ఉంటుందని ఆ పేరు. పద్దెనిమిది కిలోలు. సముద్రం అంటే దానికి పిచ్చి. కానీ ఒక్క విషయం ముందే చెప్పేస్తా. రీల్స్‌లో అలల మధ్య పరిగెత్తే కుక్కను చూస్తే అంతా సరదాగానే కనిపిస్తుంది. ఎండదెబ్బ, ఉప్పునీళ్ళు, కొత్త ఊళ్ళో తప్పిపోవడం, ఈ మూడూ ఆ రీల్స్‌లో కనిపించవు. బీచ్‌లో కుక్కల ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఇవే. ఈ మూడింటినీ ప్లానింగ్‌తోనే ఆపొచ్చు. అందుకే ఈ రోజు వరసగా మాట్లాడుకుందాం.

ముందు ప్రశ్న: అసలు తీసుకెళ్ళాలా?

మీకు బీచ్ ఇష్టం. మీ కుక్కకు ఇష్టమో కాదో మీకు తెలుసా? కారు ఎక్కగానే చొంగ కారుస్తూ వణికిపోయే కుక్క, కొత్త మనుషుల్ని చూస్తే దాక్కునే కుక్క, ప్రెషర్ కుక్కర్ విజిల్‌కే మంచం కిందికి దూరే కుక్క... వీటికి ట్రిప్ అంటే శిక్షే. మూడు రోజులు తెలిసిన ఇంట్లో, తెలిసిన మనిషి దగ్గర ఉంచడమే వాటికి నిజమైన హాలిడే.

ఇంకొన్ని కుక్కల్ని ఆరోగ్యం దృష్ట్యా తీసుకెళ్ళకపోవడమే మంచిది. టీకాలు పూర్తికాని పిల్లలు, ముసలివి, గుండె జబ్బు ఉన్నవి, కడుపుతో ఉన్నవి. పగ్, బుల్‌డాగ్, షిట్జూ, బాక్సర్ లాంటి చప్పిడి ముక్కు జాతుల విషయంలో ఇంకా జాగ్రత్త. ఎందుకంటే కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. చెమట గ్రంథులు ఉన్నా అవి ప్రధానంగా పాదాల్లో ఉంటాయి, వాటి వల్ల ఒళ్ళు చల్లబడేది చాలా తక్కువ. నాలుక బయటపెట్టి రొప్పుతూనే అది ఒంట్లో వేడిని తగ్గించుకుంటుంది. ముక్కు నొక్కేసినట్టున్న జాతుల్లో ఆ గాలి దారే ఇరుకు. ఉక్కపోత ఉన్న చోట, అంటే సరిగ్గా మన కోస్తాలో, రొప్పినా ఫలితం సరిగా ఉండదు. గాలిలో తేమ ఎక్కువైతే నాలుక మీద తడి ఆరదు కదా, అదీ సంగతి.

ఎక్కడికి, ఎప్పుడు?

హైదరాబాద్ నుంచి అయితే చాలామందికి దగ్గరి సముద్రం బాపట్ల పక్కన సూర్యలంక. మూడు వందల కిలోమీటర్ల పైన ఉంటుంది. నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, నరసరావుపేట మీదుగా ఆరేడు గంటల ప్రయాణం. వైజాగ్ అయితే ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఒక్క రోజులో కుక్కతో అంత దూరం కారులో నేనైతే వెళ్ళను. విజయవాడలోనో రాజమండ్రిలోనో రాత్రి ఆగి వెళ్తాను.

వైజాగ్‌లో రుషికొండ గురించి ఒక మాట. దానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఇచ్చే షరతుల్లో బీచ్‌లోకి కుక్కలు, ఇతర పెంపుడు జంతువుల రాకను గట్టిగా కంట్రోల్ చేయాలనేది కూడా ఒకటి. అంటే అలాంటి చోట "మా కుక్క ఏం చేయదండీ" అని సెక్యూరిటీ వాళ్ళతో వాదించి లాభం లేదు. జనం తక్కువగా ఉండే తీరం చూసుకోవడమే మర్యాద. భీమిలి వైపు వెళ్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది, కానీ నది మొగల దగ్గర నీటి లాగుడు బలంగా ఉంటుంది. అక్కడ కుక్కను నీళ్ళలోకి దింపకండి.

ఇక టైమ్. ఏప్రిల్, మే నెలలు వద్దే వద్దు. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాన్లు వస్తుంటాయి, వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోకుండా బయల్దేరకండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వరకు బాగుంటుంది. అందులోనూ కొన్ని రోజులు తప్పించాలి.

ఒకటి, డిసెంబర్ 31. ఆ రాత్రి బీచ్ రిసార్టుల్లో డీజే, పటాకులు. కొత్త చోట, చీకట్లో, చప్పుడుకు బెదిరిన కుక్క గొలుసు తెంపుకుని పారిపోతే వెతకడం నరకం. సంక్రాంతి సెలవులు కూడా రద్దీయే. రెండోది, కార్తీక మాసం. ఆదివారాలు, సోమవారాలు, ముఖ్యంగా పౌర్ణమి రోజు సూర్యలంకలో సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు. తడి బట్టలతో దీపం పెట్టుకునే అమ్మమ్మ పక్కకు మన కుక్క వెళ్ళి ఒళ్ళు విదిలిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రూమ్ బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

యాప్‌లో "పెట్ ఫ్రెండ్లీ" అని ఫిల్టర్ పెట్టి బుక్ చేసేస్తే పని అయిపోదు. ఒకసారి ఒక రిసార్ట్‌లో, పేరు ఎందుకులెండి, "పెట్స్ ఆర్ వెల్కమ్" అని ఉంది. తీరా వెళ్తే కుక్కను పార్కింగ్ పక్కన రేకుల షెడ్డులో కట్టేయాలన్నారు. వాళ్ళ దృష్టిలో అదే వెల్కమ్. మేం సామాన్లు దించకుండానే వేరే చోటు వెతుక్కున్నాం.

అందుకే ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి. కుక్క మా గదిలోనే పడుకోవచ్చా? దానికి విడిగా డబ్బులు తీసుకుంటారా, ఎంత? సైజు, జాతి విషయంలో ఏమైనా రూల్ ఉందా? కాంపౌండ్ గోడ చుట్టూ పూర్తిగా ఉందా? మీ దగ్గర సొంత కుక్కలు ఉన్నాయా? కరెంటు పోతే జనరేటర్‌తో ఏసీ నడుస్తుందా, ఫ్యాన్ మాత్రమేనా? ఈ ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. మధ్యాహ్నం కరెంటు పోయిన రేకుల కాటేజీలో కుక్కకు ఏం జరుగుతుందో ఆలోచించండి.

వాళ్ళు సరే అన్నవన్నీ వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. ఫోన్‌లో "అలాగే సార్" అన్న మనిషి మీరు వెళ్ళే రోజు డ్యూటీలో ఉండకపోవచ్చు.

ప్రయాణం: కారు, రైలు, విమానం

కారులో అయితే బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు కొంచెమే తిండి పెట్టండి. కడుపు నిండా పెడితే మిర్యాలగూడ రాకముందే సీటు మీద వాంతి గ్యారంటీ. బండి ఎక్కితే ప్రతిసారీ వాంతి చేసుకునే కుక్క అయితే డాక్టర్‌ను అడగండి, దానికి మందులున్నాయి. మన మందుల డబ్బాలోది మాత్రం వేయకండి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కలకు విషం.

వెనక సీట్లో హార్నెస్‌కు సీట్ బెల్ట్ క్లిప్ తగిలించండి. మెడ పట్టీకి తగిలించొద్దు, సడన్ బ్రేక్ వేస్తే మెడ మీద పడుతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని డ్రైవింగ్ అసలే వద్దు. రెండు గంటలకోసారి ఆపండి, నీళ్ళు, పాటీ, ఐదు నిమిషాల నడక. ఆపిన చోట తలుపు తెరిచేముందే గొలుసు చేతిలో ఉండాలి. హైవే మీద తలుపు తీయగానే కుక్క దూకేస్తే దాన్ని వెనక్కి పిలిచే టైమ్ ఉండదు. బండి ఆగిపోతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033 ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

టిఫిన్‌కు ఆగినప్పుడు "ఐదు నిమిషాలే కదా" అని కుక్కను కారులో వదిలేస్తారు చూడండి, అది ప్రాణాంతకం. ఎండలో అద్దాలు మూసిన కారులో పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. బయట 30 ఉంటే లోపల 40. అద్దం రెండు వేళ్ళు దించినా పెద్ద తేడా ఉండదు. ఒకరు తినండి, ఒకరు కుక్క దగ్గర ఉండండి, తర్వాత మారండి. ఇంతకంటే మంచి ఐడియా లేదు.

రైలు విషయంలో రూల్ క్లియర్‌గా ఉంది. ఫస్ట్ ఏసీ లేదా ఫస్ట్ క్లాస్‌లో, రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీదే ఉంటేనే కుక్క మీతో కూర్చోవచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్‌లలో కుదరదు. అలా ఎక్కించి దొరికిపోతే లగేజీ ఛార్జీకి ఆరు రెట్లు కట్టిస్తారు. కూపే మనమే ఎంచుకునే వీలు మామూలు ఆన్‌లైన్ బుకింగ్‌లో ఉండదు, ముందుగా రైల్వే వాళ్ళకు అర్జీ పెట్టుకోవాలి, చార్ట్ వేసేటప్పుడు కేటాయిస్తారు. కుక్కకు టికెట్ పార్శిల్ ఆఫీసులో తీసుకోవాలి. టీకాల సర్టిఫికెట్ కావాలి. గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో తిండి, నీళ్ళ బాధ్యత మనదే. ఇనుప పెట్టె, చప్పుడు, ఒంటరితనం... సరదా ట్రిప్‌కు నేనైతే దాన్ని లెక్కలోకి తీసుకోను.

విమానం అంటే, ఆకాశ ఎయిర్ 2022 నవంబర్ నుంచి పెంపుడు జంతువులను తీసుకెళ్తోంది, ఎయిర్ ఇండియా కూడా అనుమతిస్తుంది. బరువు, బోను సైజు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజే చూసుకోండి. పెద్ద కుక్క అయితే కార్గోలో వెళ్ళాలి. రెండు రోజుల బీచ్ కోసం కుక్కను కార్గోలో పెట్టడం ఎంతవరకు అవసరమో మీరే ఆలోచించుకోండి.

నెల ముందే డాక్టర్ దగ్గరికి

రేబిస్ టీకా డేట్ చూసుకోండి. మొదటిసారి వేయిస్తుంటే, దాని రక్షణ రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే నెల ముందు అంటున్నా. డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ కవర్ చేసే కంబైన్డ్ టీకా కూడా అప్‌టుడేట్‌గా ఉండాలి. లెప్టో అనేది ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వస్తుంది, కోస్తాలో మడుగులకు లోటు లేదు.

తర్వాత పిడుదులు. కొత్త చోట గడ్డి, వీధి కుక్కలు... పిడుదులు పట్టడం ఖాయం. అవి తెచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర కుక్కల్ని బాగా కుంగదీసే జబ్బు. మెడ మీద పోసే చుక్కల మందు వాడితే, దానికి ముందూ వెనకా రెండు రోజులు స్నానం ఉండకూడదు. బయల్దేరే రోజు పొద్దున పోసి, సాయంత్రం సముద్రంలో ముంచితే మందు నీళ్ళపాలు.

టీకాల బుక్ ప్రతి పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. వెళ్ళే ఊళ్ళో వెటర్నరీ క్లినిక్‌లు రెండు వెతికి, ముందే ఫోన్ చేసి ఆదివారం తెరుస్తారా అని అడగండి. గూగుల్‌లో "ఓపెన్" అని ఉన్నంత మాత్రాన షట్టర్ తెరిచి ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో సంచార పశువైద్య వాహనాల నంబర్ 1962. అవి ముఖ్యంగా పల్లెల్లో పశువుల కోసం తిరిగేవి. ఆ నంబర్ కూడా సేవ్ చేసుకోండి, దాన్నే నమ్ముకుని మాత్రం ఉండకండి.

బీచ్‌లో దిగాక: ఎండ, ఇసుక, ఉప్పు

మన తూర్పు తీరానికి ఒక లక్షణం ఉంది. పొద్దున్నే సూర్యుడు నేరుగా సముద్రం మీద నుంచి మన మొహంలోకి కొడతాడు. సాయంత్రం భూమి వైపు, మన వెనకాల దిగిపోతాడు. అందుకే నాలుగున్నర దాటాక తీరం మీద త్వరగా చల్లబడుతుంది. కుక్కతో వెళ్ళాల్సిన టైమ్ పొద్దున తెల్లవారింది మొదలు ఎనిమిదిలోపు, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యలో గదిలో నిద్ర. ఈ ఒక్కటి పాటిస్తే సగం గండాలు పోతాయి.

ఇసుక వేడి చూడ్డానికి ఒక చిన్న టెస్ట్. చెప్పులు వేసుకున్న మన కాళ్ళకు తెలియదు. చెయ్యి తిప్పి, వెనుక వైపు చర్మం ఇసుకకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. ఆలోపే చెయ్యి తీసేయాలనిపిస్తే కుక్క పాదాలకూ అది కాలుతుంది. పొడి ఇసుక త్వరగా కాలుతుంది, నీటి అంచున తడి ఇసుక చల్లగా ఉంటుంది. ఆటుపోట్ల టైమింగ్స్ ఫోన్‌లో దొరుకుతాయి. ఆటు సమయంలో వెళ్తే నడవడానికి తడి ఇసుక ఎక్కువ దొరుకుతుంది.

ఎండదెబ్బ గుర్తులు బాగా వినండి. ఆగకుండా గట్టిగా రొప్పడం, చిగుళ్ళు ఎర్రబారడం, చిక్కటి చొంగ, తూలుతూ నడవడం, వాంతి, పిలిస్తే పలకకపోవడం. కుక్క మామూలు ఉష్ణోగ్రత మనకంటే ఎక్కువ, సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 40 దాటి పోతుంటే ప్రమాదంలోకి వెళ్తున్నట్టే. అప్పుడు ముందు చల్లబరచండి, తర్వాత ఆస్పత్రికి పరిగెత్తండి. నీడకు తెచ్చి మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు పోస్తూ ఉండండి, గాలి విసరండి. తడి టవల్ కప్పి వదిలేయకండి, కాసేపట్లో అదే వేడిని పట్టి ఉంచుతుంది. స్పృహ ఉంటేనే కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించండి. కోలుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కు చూపించాల్సిందే, లోపల కిడ్నీలు, లివర్ దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది.

ఇక ఉప్పునీళ్ళు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 30 నుంచి 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాహంతో ఉన్న కుక్క అదే తాగుతుంది. అలలో బంతి పట్టుకున్న ప్రతిసారీ కూడా గుక్కెడు లోపలికి పోతుంది. కొంచెం అయితే విరేచనాలతో పోతుంది. ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి వాంతులు, వణుకు, ఫిట్స్ దాకా వెళ్తుంది. రెమెడీ సింపుల్. పది పదిహేను నిమిషాలకోసారి ఆట ఆపి మంచినీళ్ళు పెట్టండి. మామూలు రోజుల్లోనే కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. అంటే మా రాగికి లీటరు. బీచ్ రోజున నేను దానికోసం విడిగా మూడు లీటర్లు పెట్టుకుంటాను. బంతి ఇసుకలో దొర్లించి ఆడించడం కూడా తగ్గించండి, బంతితో పాటు ఇసుక మింగితే పేగుల్లో గట్టిపడిపోతుంది.

అలలు: కుక్కకు ఈత వస్తుంది, నిజమే, కానీ...

చెరువులో ఈదే కుక్కకు సముద్రం కొత్తే. తీరం నుంచి నీటిని లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, రిప్ కరెంట్స్ అంటారు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నురగ లేకుండా నీళ్ళు ప్రశాంతంగా కనిపించే చోటు ఉంటుంది చూడండి, మనకు అదే సేఫ్ అనిపిస్తుంది. లాగేది చాలాసార్లు అక్కడే. వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఏటా మనుషులే కొట్టుకుపోతున్నారు. కుక్కకు హార్నెస్ వేసి, ఎనిమిది పది మీటర్ల పొడవాటి తాడు కట్టి, దాని మోకాళ్ళ లోతు దాటనివ్వకండి. లైఫ్ జాకెట్ దొరుకుతుంది, పైన పట్టుకోవడానికి పిడి ఉన్నది తీసుకోండి. ఒకవేళ కొట్టుకుపోతుంటే దాని వెనక దూకకండి. తీరం వెంట పక్కకు నడుస్తూ పిలవండి, అది పక్కకు ఈదితే లాగుడు నుంచి బయటపడుతుంది. లైఫ్‌గార్డును పిలవండి. మీరు మునిగిపోతే కుక్కను ఇంటికి తెచ్చేవాళ్ళు ఎవరు?

నోట్లోకి పోయేవి

బీచ్‌లో మన తిండి, దాని తిండి వేరు. వైజాగ్ వెళ్ళి మురీ మిక్చర్ తినకుండా రాం. కానీ అందులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్త కణాల్ని దెబ్బతీస్తాయి. ఉల్లిపాయ బజ్జీ కూడా అంతే. కాల్చిన మొక్కజొన్న పొత్తు గింజలు తిని కండె పడేస్తారు, దాన్ని కుక్క నమలకుండా మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. చేపల ముళ్ళు, గాలపు కొక్కేలు కూడా ఇసుకలో ఉంటాయి.

అన్నిటికంటే భయపడాల్సింది ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపలకు. బెలూన్‌లా ఉబ్బే పఫర్ ఫిష్ వలల్లో పడితే జాలరులు పడేస్తుంటారు. దాని ఒంట్లో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషానికి విరుగుడు మందు లేదు. కొరికితేనే ప్రమాదం. జెల్లీ ఫిష్ చచ్చి పడి ఉన్నా కుడుతుంది. అందుకే బయల్దేరే ముందు నెల రోజులు ఇంట్లోనే "వదిలెయ్" అనే ఒక్క మాట నేర్పించండి. చెప్పు వదలడం దగ్గర మొదలుపెట్టి, బిస్కెట్ వదలడం దాకా. "షేక్ హ్యాండ్" కంటే ఈ మాటే ప్రాణం కాపాడుతుంది.

ఆ బీచ్ మనది కాదు

తీరం అంటే మనకు పిక్నిక్ స్పాట్. అక్కడివాళ్ళకు అది పని చేసుకునే చోటు. ఇసుక మీద ఎండబెట్టిన చేపలు, పరిచిన వలలు, ఆనించిన పడవలు, ఇవన్నీ వాళ్ళ రోజు కూలి. మన కుక్క ఎండుచేపల మీద కాలెత్తితే ఆ సరుకు పాడైనట్టే. అటువైపు వెళ్ళేటప్పుడు లీష్ పొట్టిగా పట్టుకోండి, "అన్నా, ఇటు నుంచి వెళ్ళొచ్చా?" అని ఒక మాట అడగండి. ఆ ఒక్క మాటకే "అదిగో, అటువైపు లాగుడు ఎక్కువమ్మా, ఇటు ఆడించుకోండి" అని వాళ్ళే దారి చూపిస్తారు. ఏ యాప్ కంటే ఆ సలహా గొప్పది.

పాటీ కవర్లో ఎత్తి డస్ట్‌బిన్‌లో వేయాలి. ఇసుకతో కప్పేయడం క్లీనింగ్ కాదు. దాని నుంచి నులిపురుగుల గుడ్లు ఇసుకలోకి పోతాయి, ఆ ఇసుకలోనే చిన్నపిల్లలు గూళ్ళు కడతారు.

ఇంకోటి, తాబేళ్ళు. మన కోస్తాలో జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి ఒకటిన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ గుడ్లను తవ్వి తినేవాటిలో ముందుండేవి కుక్కలు, నక్కలే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటికి అత్యున్నత రక్షణ ఉంది. అటవీ శాఖ గుడ్లను సేకరించి హ్యాచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. కాబట్టి ఆ నెలల్లో చీకటి పడ్డాక కుక్కను బీచ్ మీద వదలొద్దు. తవ్వడం మొదలుపెడితే వెంటనే పక్కకు లాగేయండి.

వీధి కుక్కలు, తప్పిపోయిన కుక్కలు

ప్రతి బీచ్‌కూ అక్కడి కుక్కల గుంపు ఉంటుంది. అది వాటి ఏరియా. మన కుక్క కొత్తది. గుంపు దూరంగా కనిపించగానే పరిగెత్తకుండా మెల్లగా వెనక్కి తిరిగి వేరే వైపు నడవండి. చిన్న కుక్క అయినా ఎత్తుకుని గంతులేయకండి, అవి మీ మీదికి ఎగబడతాయి. మధ్యలోకి చెయ్యి పెట్టి విడదీయొద్దు. మీకు గానీ మీ వాళ్ళకు గానీ కాటు పడితే, గీరుకున్నా సరే, సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. ట్రిప్ అయ్యాక చూద్దాంలే అనుకునే విషయం కాదు ఇది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

తప్పిపోకుండా ఉండడానికి మెడపట్టీకి ఫోన్ నంబర్ ఉన్న బిళ్ళ కట్టండి, రెండు నంబర్లు ఉంటే మంచిది. మైక్రోచిప్ వేయిస్తే ఇంకా నయం, కానీ ఊళ్ళో దాన్ని చదివే స్కానర్ అందరి దగ్గరా ఉండదు, బిళ్ళ అయితే టీ కొట్టు అన్న కూడా చదువుతాడు. ఆ రోజు పొద్దున, అదే హార్నెస్‌తో, పక్క నుంచి ఒక ఫోటో తీసుకోండి. తప్పిపోతే పదిమందికి పంపాల్సింది అదే. కుక్క వాడిన దుప్పటి చివరిసారి కనిపించిన చోట పెట్టి ఒకరు అక్కడే కూర్చోండి, చాలా కుక్కలు తిరిగి అదే చోటికి వస్తాయి.

ఒక రోజు ఇలా ఉండొచ్చు

పొద్దున ఐదున్నరకు లేచి పాటీ. ఆరింటికి బీచ్, ఒక గంట. ఏడున్నరకు గదికి వచ్చి మంచినీళ్ళతో ఒళ్ళంతా కడగండి, వేళ్ళ మధ్య ఇసుక తీయండి, చెవులు మెత్తటి గుడ్డతో ఆరబెట్టండి. లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వాలు చెవుల కుక్కలకు చెవిలో తడి నిలిస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. అరగంట ఆగి ఇంట్లో తినే తిండే పెట్టండి, కొత్త తిండి ప్రయోగాలకు ఇది టైమ్ కాదు. పది నుంచి నాలుగు దాకా ఫ్యాన్ కింద నిద్ర. సాయంత్రం మళ్ళీ ముప్పావు గంట. రాత్రి పాదాలు, పొట్ట, చెవుల వెనక పిడుదుల కోసం వేళ్ళతో వెతకండి. అంతే.

"ఇంతేనా? మరి మా బోటింగ్, మా బొర్రా గుహలు?" అంటారా? నిజమే, కుక్కతో ట్రిప్ అంటే స్పాట్‌లు తగ్గుతాయి. నలుగురు వెళ్తే ఇద్దరు తిరిగి, ఇద్దరు కుక్కతో ఉండి, రెండో రోజు మారొచ్చు. దానికి ఎవరూ ఒప్పుకోకపోతే, అప్పుడు నిజాయితీగా కుక్కను ఇంటి దగ్గర మంచి మనిషికి అప్పజెప్పి వెళ్ళండి. గదిలో రోజంతా తాళం వేసి ఉంచడానికైతే మూడు వందల కిలోమీటర్లు ఎందుకు తీసుకెళ్ళడం?

దానికి వైజాగ్ అయినా, సూర్యలంక అయినా తేడా తెలియదు ఫ్రెండ్స్. దానికి కావాల్సింది తడి ఇసుక వాసన, తవ్వుకోవడానికి కాస్త చోటు, పక్కన మనం. ఇవి మూడూ సేఫ్‌గా ఇవ్వగలిగితే బ్యాగ్ సర్దండి. ముందు నీళ్ళ గిన్నె, తాడు, టీకాల బుక్. మన బట్టలు తర్వాత.

ఈ ఎపిసోడ్ కుక్క ఉన్న మీ ఫ్రెండ్‌కి పంపండి, వాళ్ళు బయల్దేరకముందే.